జున్నుపాలు ఎవరివి?

నాయనా, మాంసం, గుడ్డు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఇవేవీ ఇక ముట్టనని నిన్న సాయంత్రం మా అరుగు మీద కూర్చుని చెప్పావు. తోలు చెప్పులు కూడా విడిచేశానన్నావు. దీన్ని వీగన్ నియమం అంటారన్నావు. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే వడ్రంగం మాస్టారు, ఆయన మిత్రులు కొందరు సంఘంగా కూడి పెట్టుకున్న పేరది. పేరు ఎక్కడిదైనా నియమం మంచిది, నేను కాదనను. కానీ నీ మాటల్లో రెండు చోట్ల నాకు సెగ తగిలింది. ఒకటి మీ అమ్మ పెరుగు తోడుపెట్టడం గురించి చెప్పినప్పుడు, రెండోది మల్లాపూర్ మటన్ దుకాణం గురించి చెప్పినప్పుడు. ఆ సెగ చల్లారాకే నీ వ్రతం మొదలవుతుంది. అందుకే పిలిచాను, కూర్చో.

మా కాలంలో తెల్లవారుజామున ఉప్పల్ చౌరస్తాలో నిలబడితే పీర్జాదిగూడ, పర్వతాపూర్ వైపు నుంచి గడ్డిమోపుల బండ్లు వరుసగా వచ్చేవి. పారాగడ్డి అంటారు దాన్ని. మూసీ నీళ్ళతో పెంచేవారు. ఊరంతా స్నానాలు చేసి, గిన్నెలు తోమి, ఇంకా చెప్పరాని వాటినన్నిటినీ కడిగి వదిలిన నీరు ఆ మళ్ళకు పారేది. ఆ గడ్డి హబ్సిగూడ, రామంతాపూర్, నాచారం సందుల్లోని కొట్టాలకు చేరి, బర్రె కడుపున పడి, పొద్దున్నే మన గిన్నెలో తెల్లగా పొంగేది. ఇప్పుడు ఆ మళ్ళు చాలావరకు ప్లాట్లయ్యాయి. పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. ప్యాకెట్టు మీద బర్రె బొమ్మ నవ్వుతుంటుంది. బర్రె నవ్వగా నేనెన్నడూ చూడలేదు.

నేను చూసింది చెబుతాను. మా సందు చివర ఒక కొట్టం ఉండేది. చెంబు పట్టుకుని వెళ్ళడం నా వంతు. నాకప్పుడు పదకొండేళ్ళు. ఒకనాడు ఇంకా చీకటి ఉండగానే వెళ్ళాను. ఆ రాత్రే ఒక బర్రె ఈనింది. దుడ్డె ఒళ్ళు తడి ఆరలేదు. ముందుకాళ్ళు నిలుస్తున్నాయి, వెనుకకాళ్ళు జారిపోతున్నాయి. తల్లి దాన్ని నాకుతూ గొంతులోనే ఏదో అంటోంది. అది మామూలు అరుపు కాదు, లోపల ఏదో బరువైనది కదిలినట్టుండే చప్పుడు. కొట్టం యజమాని దుడ్డెను పొదుగు దగ్గర వదిలాడు. నాలుగు చీకులు చీకింది. బర్రె చేపింది. వెంటనే దాని చెవి పట్టి లాగి గుంజకు కట్టేశాడు. అందినంత దూరం మెడ చాచి, అది గాలిని చీకుతూ నిలబడింది. బకెట్లో పసుపు రంగు పాలు చిక్కగా పడుతున్నాయి. కొత్తగా ఈనిన బర్రె పాలు నలుగురికీ పంచాలని మనవాళ్ళ మర్యాద కదా, మా చెంబులోనూ కొన్ని పోశాడు. అమ్మ బెల్లం వేసి, మిరియాలు దంచి, యాలకులు వేసి ఆవిరి మీద జున్ను చేసింది. చాకుతో కోస్తే వణికే ముక్కలు. దాని రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. నీ దగ్గర అబద్ధమాడను.

ఆ పాలేమిటో చాలా ఏళ్ళకు తెలిసింది. మనిషి బిడ్డ తల్లి కడుపులో ఉండగానే ఆమె రక్తం నుంచి రోగాన్ని ఎదిరించే శక్తిని కొంత తెచ్చుకుంటుంది. దుడ్డెకు ఆ అదృష్టం లేదు. బర్రె మాయ దాన్ని దాటనివ్వదు. ఆ శక్తి అంతా ముర్రుపాలలోనే ఉంటుంది, అదీ పుట్టిన మొదటి గంటల్లోనే అందాలి. ఒక పగలూ రాత్రీ గడిచేసరికి దుడ్డె పేగు దాన్ని పీల్చుకునే గుణం పోగొట్టుకుంటుంది. మేము నలుగురం పీట వేసుకుని కూర్చుని తిన్నది అది. నెల తిరక్కుండా ఆ గుంజ దగ్గర దుడ్డె లేదు. అడిగితే "పోయింది" అన్నాడు. తర్వాత అదే చోట వరిగడ్డి కుక్కి కుట్టిన దాని తోలు నిలబెట్టాడు. తల్లి దాన్ని వాసన చూసింది, నాకింది, చేపింది.

అతను క్రూరుడు కాడు నాయనా. ముగ్గురు ఆడపిల్లల తండ్రి. గడ్డి ధర, తవుడు ధర, మిత్తి అన్నీ కలిసి అతనితో ఆ పని చేయించాయి. ఇంటింటి నుంచీ చెంబు పంపిన మేమూ చేయించాం.

ఇప్పుడు నీ సెగ దగ్గరికి వస్తాను. పాలివ్వాలంటే బర్రె ఈనాలి. పది నెలలు మోసి ఈనితే పుట్టేవాటిలో సుమారు సగం దున్నదుడ్డెలే. నాగళ్ళు పోయి ట్రాక్టర్లు వచ్చిన నేల మీద దున్నకు పనేముంది? తాగిన పాల వెల కూడా అది తీర్చలేదు. వట్టిపోయిన ముసలి బర్రెకూ అదే లెక్క. ఉప్పల్ దాటి బోడుప్పల్ అవతల చెంగిచర్లలో కబేళా ఉంది. ఆ ఊళ్ళోనే కేంద్ర ప్రభుత్వపు మాంస పరిశోధన సంస్థ కూడా ఉంది. నెయ్యి వేసుకుని పప్పన్నం తిని, మజ్జిగతో ముగించి, "మేము నోరు లేని జీవాల జోలికి పోము" అనుకునే ఇంటికీ కబేళాలకూ మధ్య ఒక దారి ఉంది. ఆ దారి పాలగిన్నె మీదుగానే వెళుతుంది. మటన్ కొనేవాడు కనీసం తన కళ్ళ ముందు తూకం వేయించుకుంటాడు. పెరుగు తినేవాడికి ఆ తూకం కూడా కనబడదు. అందుచేత శాకాహారినన్న గర్వం ఎవరికైనా ఉంటే, పాలు మానిన రోజున మొదట రాలిపోవలసింది అదే. నీకు అది రాలకపోగా ఇంకాస్త పెరిగినట్టు కనిపించింది.

గుడ్డు సంగతి ఎక్కువ చెప్పను. గుడ్లు పెట్టే కోడికి పంజరంలో దక్కే చోటు మనం ఉత్తరం రాసుకునే కాగితమంత కూడా ఉండదు. ఆ జాతి మగపిల్లలు గుడ్డు పగిలి బయటికొచ్చిన రోజునే పనికిరానివవుతాయి. ఈ పంజరాల గురించి లా కమిషన్ 2017లో తన 269వ నివేదిక రాసింది. తేనె గురించి నీకే తెలుసు.

ఎవరి పళ్ళెం నుంచి మొదలుపెట్టాలి? కర్నూలు సీమలో గుత్తి దగ్గర ఎర్రగుడి అనే ఊరుంది. అక్కడి గుండ్ల మీద క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. మొదటి శాసనం జీవహింస గురించే. నిషేధంతో మొదలుపెట్టినా, రాజు అక్కడితో ఆగలేదు. పూర్వం తన వంటశాలలోనే రోజూ లక్షల్లో జీవాలు చచ్చేవని ఒప్పుకున్నాడు. ఇప్పుడు మూడే, రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు, ముందు ముందు అవీ ఉండవు అని రాయించాడు. సామ్రాజ్యమంతా చదివే రాతి మీద తన వంటింటి లెక్క, ఇంకా మానలేకపోయిన దానితో సహా చెక్కించుకున్న వాణ్ణి చూడు. మొదట ఆ రెండు నెమళ్ళు ఎందుకు మిగుల్చుకున్నాడా అని నాకు కోపం వచ్చేది. వయసు మీద పడ్డాక ఆ శాసనంలో నాకు అన్నిటికంటే ప్రియమైనవి ఆ రెండు నెమళ్ళే అయ్యాయి. మాంసం నేను ఒక్కరోజులో మానాను. పెరుగు మానడానికి ఏడేళ్ళు పట్టింది. ప్రతి మే నెలలో మజ్జిగ దగ్గర ఓడిపోయేవాణ్ణి.

ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు మీద వెళ్ళి దక్షిణానికి తిరిగితే పోచంపల్లి వస్తుంది. 1951 ఏప్రిల్ 18న అక్కడ హరిజనవాడలోని పేదలు భూమి కావాలని వినోబా భావేను అడిగినప్పుడు, వెదిరె రామచంద్రారెడ్డి లేచి తన భూమిలోంచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. పక్కవాడి పొలం వైపు చూపలేదు. భూదానం తరువాత ఏమైందన్నది వేరే కథ, కానీ ఆ లేచి నిలబడిన పద్ధతి నీకు కావాలి.

ఎందుకంటే నీ చుట్టూ ఉన్న లోకం ఇది. 2014 నాటి ఎస్‌ఆర్‌ఎస్ బేస్‌లైన్ సర్వేలో తెలంగాణలో 98.7 శాతం మంది మాంసాహారులు. 2019 పశుగణనలో ఈ రాష్ట్రంలో గొర్రెలు కోటీ తొంభై లక్షలు, దేశంలోనే మొదటి స్థానం. ఆ మందల వెంట ఎండలో నడిచే గొల్ల కురుమల ఇళ్ళున్నాయి. తార్నాక అవతల ఉస్మానియాలో 2012లో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే గొడవలు, దెబ్బలు అయ్యాయి. ఈ దేశంలో "ఇది తినకు" అన్న మాట చాలాకాలం "నువ్వు తక్కువవాడివి" అన్న మాటకు మారుపేరుగా నడిచింది. నీ దయ ఆ పాత అహంకారపు చొక్కా తొడుక్కుని వీధిలోకి రాకూడదు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణికి పెట్టే గుడ్డు మీద, గ్లాసుడు పాల మీద నీ వ్రతాన్ని రుద్దకు. ఆమెకు వేరే దారి చూపించగలిగిన రోజున మాట్లాడు. నీకు ఎంచుకునే వీలుంది. ధర్మభారమంతా వీలున్నవాడి మీదే.

శరీరం సంగతీ విను, ఎందుకంటే వ్రతం పేరుతో ఒళ్ళు పాడుచేసుకుంటే అది మరో హింస. మీ ఇంటికి ఆటో దూరంలో, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనగా మొదలై, తరువాత ఇక్కడికి తరలివచ్చింది. వాళ్ళ 2017 ఆహార పట్టికలో 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, బర్రె పాలలో 121. నువ్వులది వెయ్యి పైమాటే. కందిపప్పులో, పల్లీల్లో మాంసకృత్తులు నూటికి ఇరవైకి పైనే. వీటికి లోటు లేదు. కానీ బి12 విటమిన్ ఏ ఆకులోనూ, ఏ గింజలోనూ నమ్మదగినంత దొరకదు. రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకే, అయినా అది లేకపోతే నరాలు దెబ్బతింటాయి, చేతులు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, రక్తం పలచబడుతుంది. మందుబిళ్ళ వేసుకో. సిగ్గుపడకు. ఏటా ఒకసారి రక్తపరీక్ష చేయించుకో. రేపు పెళ్ళయి, ఇంట్లో గర్భిణి ఉంటే, పసిబిడ్డ ఉంటే, వైద్యుణ్ణి అడగకుండా వాళ్ళ పళ్ళెంలో ఏదీ తగ్గించకు.

తిండికి పరదేశపు డబ్బాల కోసం వెతకనక్కరలేదు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు, నువ్వుల పొడి, సర్వపిండి, వీటిలో ఏ జీవి పాలూ లేవు. వీటిని వండిన అమ్మమ్మలకు వీగన్ అన్న మాటే తెలియదు. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి, చెంగిచర్ల సంస్థకు కలిపి 2019లో కేంద్రం, ప్రాణిని చంపకుండా కణాలతో మాంసం పెంచే పరిశోధనకు నాలుగున్నర కోట్ల రూపాయలు ఇచ్చింది. శాస్త్రం తన పని తాను చేయనీ. అది తయారయ్యేదాకా దయను వాయిదా వేసుకుందామనే వాళ్ళను కూడా చూశాను. వాళ్ళు మంచి ఓపికమంతులు!

బట్ట విషయంలో పట్టు మానేస్తానన్నావు. పట్టుకాయను పురుగు లోపల ఉండగానే ఉడికిస్తారు, ఒక చీర వెనుక అలాంటి కాయలు వేలల్లో ఉంటాయి. మన హైదరాబాదులోనే, చేనేత సహకార సంస్థ ఆప్కోలో ఉద్యోగం చేసిన కుసుమ రాజయ్యగారు దీనికి జవాబు వెతికారు. రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ సతీమణి జానకి గారు, పురుగును చంపని పట్టుచీర ఉంటుందా అని అడిగిన ప్రశ్న ఆయన మనసులో నాటుకుంది. కాయను చీల్చుకుని పట్టుచిలుక బయటికి వచ్చాక, తెగిపోయిన పోగుల్ని వడికి నేయించారు. అహింసా పట్టు అని పేరు పెట్టారు. నిగనిగ తగ్గుతుంది, ధర పెరుగుతుంది. ఆ ప్రశ్న ఎలా అడిగారో గమనించు. నేతగాణ్ణి నిందించలేదు. ఉంటుందా అని అడిగారు. మీ అమ్మతో నువ్వు మాట్లాడిన తీరు దీని పక్కన పెట్టి చూసుకో.

బోనాలకు మీ మేనమామ ఇంట యాటను కోస్తారు. నువ్వు వెళ్ళు. వెళ్ళకపోతే నిన్ను పోగొట్టుకున్నామనుకుంటారు. గుమ్మడికాయ కొట్టే ఇళ్ళు మన వాడలోనే ఉన్నాయి, అడిగినప్పుడు ఆ మాట చెప్పు. అడగనప్పుడు అన్నం, పప్పు పెట్టించుకుని వాళ్ళ బంతిలోనే కూర్చుని తిను. మీ నాయనమ్మకు పళ్ళు లేవు, ఆమెకు రాత్రి పెరుగన్నమే దిక్కు. కలిపి పెట్టే వంతు నీదైతే మెత్తగా కలిపి పెట్టు.

ఇంకొక్కటి. మీ పక్కింటివాళ్ళ ఊళ్ళో బర్రె ఉందన్నావు. అది ఈనినప్పుడు ఆ ఇల్లాలు గిన్నె మీద మూత పెట్టుకుని జున్ను తెస్తుంది. తిననని చెప్పు, ఎందుకని అడిగితే ఆ చెవి పట్టి లాగిన దుడ్డె కథ, మొహం చిట్లించకుండా చెప్పు. మీ అమ్మ తీసుకుంటే తీసుకోనీ. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఖాళీగా ఇవ్వకు. నాలుగు సకినాలు వేసి ఇవ్వు. బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె, అంతే కదా అందులో ఉండేది.