పాత బండి, కొత్త చెయ్యి

మన ఇళ్ళల్లో పాతదాన్ని పారెయ్యడానికి ఓ పట్టాన చేతులు రావు. అమ్మ పట్టుచీర అమ్మాయికి పరికిణీ అవుతుంది. అన్నయ్య సైకిలు తమ్ముడికి వస్తుంది. దీన్ని పిసినారితనం అనడానికి నాకు మనసొప్పదు. మనకి సేవ చేసిన వస్తువు పట్ల అదో మర్యాద.

మరి ఆ మర్యాద కారు దాకా వెళ్ళవచ్చునా?

గోదావరి జిల్లాల్లో ఏ వూరు వెళ్ళినా ఏదో ఒక ఇంటి ముందు ముసలి మారుతీ 800 కనబడుతుంది. 1983లో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి. లక్షన్నర కిలోమీటర్లు తిరిగి, తాతగారిని ఆసుపత్రికీ, ఆడపిల్లని అత్తవారింటికీ చేర్చి అలిసిపోయి వుంటుంది. పిల్లాడికి పద్దెనిమిది నిండి లైసెన్సు చేతికి రాగానే ఇంట్లో మంతనాలు మొదలవుతాయి. "కొత్తదెందుకండీ, దీన్నే ఇంటి దగ్గర విప్పి బాగుచేసి ఇద్దాం. గీతలు పడినా బాధుండదు!"

(పద్దెనిమిది నిండని వాళ్ళ గురించైతే మంతనాలే వద్దు. 2019లో చట్టాన్ని సవరించాక, మైనరు నేరం చేస్తే బండి ఇచ్చిన పెద్దవాళ్ళకి మూడేళ్ళ వరకూ జైలు, ఇరవై అయిదు వేల జరిమానా.)

గీతలు పడినా బాధుండదట. బండికి పడే గీతలే కదా మన ధ్యాసంతా! నడిపే చెయ్యి కొత్తది. అనుభవం వున్నవాడు పాత బండి మొరాయిస్తే సర్దుకుంటాడు. కొత్తవాడికి బండే సర్దుకోవాలి. అంటే మంచి బండి అవసరం నాన్నగారికన్నా పిల్లాడికే ఎక్కువ. మనం చేసేదేమో సరిగ్గా దానికి తలకిందులు.

అలాగని పాత బండి ఇవ్వడమే పాపమని కాదు. పొదుపు ఎక్కడ చెయ్యాలో తెలియాలి, అంతే. సీటు కవరు చిరిగితే చిరిగింది. రంగు వెలిస్తే వెలిసింది. బ్రేకుల దగ్గరా టైర్ల దగ్గరా మాత్రం బేరం పనికిరాదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. మన డెల్టాలో తేమకి కరువా! తేమ చేరిన ఆయిల్ వేడెక్కితే మరుగుతుంది. అప్పుడు పెడలు తొక్కితే మెత్తగా లోపలికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. టైరు గాడులు బాగానే కనిపించినా రబ్బరు ముసలిదై వుండవచ్చు. పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అని వుంటే, 2019లో ఇరవై మూడో వారంలో పుట్టిందన్నమాట.

ఇంకొక మాట. కాలవగట్టు రోడ్లు మనకి తెలియనివి కావు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేలు, మధ్యలో ఆరబోసిన ధాన్యం. సైకిళ్ళ మీద బడిపిల్లలు, ఊడ్పులకి వెళ్ళే ఆడవాళ్ళు. మన బండి బ్రేకుల్లో మనం మిగుల్చుకున్న వెయ్యి రూపాయల సంగతి వాళ్ళకి తెలీదు. మనం వాళ్ళని అడగనూ లేదు. మన పొదుపు ఖర్చు మనమే భరించాలి గానీ, దారిన పోయేవాళ్ళ చేత కట్టించకూడదు గదా!

మరమ్మతుకి ఓ హద్దు కూడా వుంది. పోయినదాన్ని అది తిరిగి తేగలదు, ఎన్నడూ లేనిదాన్ని ఇవ్వలేదు. కొత్త కార్లలో డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జూలైలో. అంతకు ముందెప్పుడో పుట్టిన చిన్న బండికి ఎంత తోమి తుడిచినా అది రాదు. ఈ నిజం పిల్లలకి దాచకుండా చెప్పాలి. "కొత్తదానిలా చేశాం" అన్న మాట ముద్దుగానే వుంటుంది కానీ, అందులో అబద్ధం వుంది.

ఇంటి దగ్గర బాగుచెయ్యడంలో నాకు నచ్చేది పిల్లలు పక్కన నిలబడి చూడడం. చేతులు నల్లబడితే బండి మీద భయమూ భక్తీ రెండూ వస్తాయి. వేడి మీదున్న రేడియేటరు మూత తియ్యకూడదని చెప్పడానికి మనకి మెకానిక్కు అక్కర్లేదు, ప్రెషర్ కుక్కరు ఎప్పుడో నేర్పింది. ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందికి దూరకూడదన్నది కూడా మొదటి రోజే చెప్పాలి. బ్రేకుల పని మాత్రం తెలిసిన మెకానిక్కు చేతే చేయించాలి. అన్నట్టు, ఆ పాఠానికి అబ్బాయినొక్కణ్ణే పిలుస్తారేం? రేపు నిడదవోలు రోడ్డు మీద బండి ఆగిపోతే అమ్మాయి మాత్రం ఎవర్నడగాలి?

ఎప్పుడు బాగుచెయ్యాలో, ఎప్పుడు వదిలెయ్యాలో గోదావరి వాళ్ళకి ఒకరు చెప్పాలా! ఏటా వేసవిలో కాలవలు కట్టేసి, పూడిక తీసి, గట్లు సరిచేస్తారు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అలాంటి సంరక్షణతోనే నూరేళ్ళకి పైగా నిలిచింది. దానికి వయసైపోయాక ఇంకా అతుకులే వెయ్యలేదు, బ్యారేజీ కట్టారు. అన్నేళ్ళు అన్నం పెట్టినదాన్ని అప్పుడు వదులుకోవడం కృతఘ్నత అని ఎవరూ అనలేదు.

మన పిల్లలైతే "దేవుడున్నాడు" అని ధైర్యం చెప్పుకుంటాం. పరాయి పిల్లల దగ్గర ఆ మాటకి నోరు రాదు. అంచేత నేను చెప్పే పరీక్ష ఒకటే. పక్కింటావిడ తన కూతుర్ని ఆ బండిలో కాలేజీకి దింపమంటే, "అలాగేనండీ" అని వెంటనే అనగలరా? అనగలిగితే తాళాలు పిల్లాడి చేతికివ్వండి. గొంతు కాస్త తడబడితే మాత్రం, దానికో కొబ్బరికాయ కొట్టి పాత ఇనుముకి పంపించెయ్యండి. మర్యాదకి లోటేమీ రాదు.