అణువునకు లేని వేడిమి

సైకిలుకు గాలి కొట్టెడి పంపు మూతిని బొటనవ్రేలితో బిగియ మూసి పిడిని లోనికి నొక్కినచో, చోటు తగ్గినకొలది గాలి ఆ వ్రేలిని మఱింత గట్టిగా నెట్టును. నాలుగైదు మారులు వడిగా నొక్కినంతనే పంపు అడుగుభాగము వెచ్చబడును. పీడనము, ఘనపరిమాణము, ఉష్ణోగ్రత అను మూటికిని గల ఈ సంబంధమును బాల్యమున సూత్రముగా వల్లించితిని గాని, నియతిని గూర్చి నన్ను వేధించిన ప్రశ్నకు సమాధానము ఇందే యున్నదని చాలకాలము గ్రహింపలేకపోయితిని.

రాబర్టు బాయిలు ఇంగ్లండున 1662లో ప్రకటించిన ప్రయోగము నిరాడంబరమైనది. పొట్టి కొన మూసియున్న వంకర గాజుగొట్టములో పాదరసము పోయుచు బోగా, పొడవు భుజమునందలి మట్టము రెండవదానికంటె సుమారు 29 అంగుళములు, అనగా వాయుమండలపు బరువునకు సరితూగునంత, హెచ్చినప్పుడు లోపలి గాలి సగము చోటికి ఒదిగెను. పీడనము రెట్టింపైనది; పరిమాణము సగమైనది. సృష్టిపరిశీలనము దైవారాధనమేయని విశ్వసించిన ఆ భక్తుడు ఇందు విధాత శాసనమును దర్శించి యుండును. పిమ్మట 1802లో గేలుసాక్, పీడనము మారకున్నచో వాయువులన్నియు వేడిమికి ఒకే తీరున వ్యాకోచించునని నిరూపించెను.

ఇంతటి క్రమమును పాటించు గాలి లోపల నున్నది మహాసంక్షోభము. ఒక్క ఘనసెంటీమీటరున సుమారు 2,50,000 కోట్ల కోట్ల అణువులు, సెకనుకు 500 మీటర్ల ప్రాంతపు వేగముతో, ఒకదానినొకటి ఢీకొనుచు దిక్కు మార్చుకొనుచుండును. గోడపై వాని తాకుళ్ల మొత్తమే పీడనమని బెర్నూలీ 1738లోనే ఊహించెను. వాని గమనశక్తి సగటే ఉష్ణోగ్రతకు మూలమని పందొమ్మిదవ శతాబ్దమున మాక్స్‌వెల్ మొదలగువారు స్థిరపఱచిరి. లోనికి చొచ్చుకొని వచ్చు ముషలకమును తాకిన అణువు, ఎదురువచ్చు బ్యాటు తగిలిన బంతివలె, హెచ్చు వేగముతో మరలును. పంపు వెచ్చబడుటకు హేతువిదియే. కావున ఒంటరి అణువునకు వేగమున్నది గాని వేడిమి లేదు, వేడిమి సమష్టిధర్మము.

ఇక నియతి మాటకు వత్తును. వాయువు అడ్డముగా వీచుటకును, అణువుల ఆదిచలనమునకును అదృష్టమే కారణమని మన ప్రాచీన దర్శనగ్రంథమగు వైశేషికసూత్రములు చెప్పినవి. కంటికి కానరాని హేతువును తెలుపు ఆ మాటనే మనము తలవ్రాతగా మార్చుకొంటిమి. పొరుగింటి బిడ్డ చదువు మానినను, పేదవానికి వైద్యమందకున్నను, ‘వాని అదృష్టమంతే’ యని నిట్టూర్చి తలుపు వేసికొందుము.

వాయునియమము ఈ నిట్టూర్పునకు సాక్ష్యము పలుకదు. సమష్టి విషయమున అంత నిక్కచ్చిగా తీర్పు చెప్పు ఆ నియమము, ఫలానా అణువు మరుక్షణమున ఎటు పోవునో ఒక్క మాటయు చెప్పదు. లోకము పోకడ ఇట్టిదని తెలిసినంతమాత్రమున నా పోకడయు నిర్ణీతమైనదనుట తర్కదోషము. అణువునకు వివేకము లేదు, మనకు కలదు. కనుక మన బాధ్యత మఱింత గురుతరము. ఊరి కరుణ యనునది ఊరివారి కరుణకు వేఱుగా ఎక్కడను లేదు. ఒక్కొక్కని చలనమును తీసివేసినచో సగటు కట్టుటకు ఏమియు మిగులదు. పొరుగింటి తలుపు తట్టుటకు లేచిన మనుష్యుడు, ఎంత స్వల్పముగానైనను, ఆ ఊరి వేడిమిని పెంచినవాడే.