మా యెదుట ఉంచిన నాలుగు గిన్నెలు

ధ్యాన భాగము: రోమా 14:13–21



మా అక్కగారి కుమారుని పిలుపు మీద మేము అమెరికా దేశమునకు పోయి వచ్చిన సంగతి మీరెరుగుదురు. అతడు కెంటకీ రాష్ట్రమున లూయివిల్ పట్టణములో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. ఆ రాష్ట్రములో అన్నిటికంటె పెద్ద పట్టణమదే, ఒహాయో నది ఒడ్డున ఉన్నది. అక్కడి ఆలయములను గూర్చియు, చలిని గూర్చియు వచ్చిన వెంటనే మీకు చెప్పితిమి. చెప్పక దాచిన సంగతి ఒకటి మిగిలినది. దానిని ఈ నెల వ్రాయుచున్నాము.

ఒక శనివారము సాయంకాలము అతని కార్యాలయపు స్నేహితులు బూర్బన్ రుచి చూచు కూటమునకు టిక్కెట్లు కొనిరి. బూర్బన్ అనగా ఆ దేశపు విస్కీ. “మామయ్యా, ఇంట్లో ఒక్కరే ఏం కూర్చుంటారు? మీరు తాగనక్కరలేదు, ఊరికే వచ్చి చూడండి” అని అతడు అనెను. పిల్లవాడు మమ్మును మోసపుచ్చి తీసికొని పోయెనని ఎవరును అనుకొనవద్దు. తెలిసియే వెళ్లితిమి. ఇంకొక మాట కూడ ఒప్పుకొనవలెను. త్రాగుబోతులను కన్నులార చూచి, వారిమీద గట్టి ప్రసంగమొకటి సిద్ధపరచుకొని రావచ్చునని మా మనస్సులో ఉండెను.

ఆ స్థలము మెయిన్ స్ట్రీట్‌లో ఉన్నది. పూర్వము విస్కీ వర్తకుల కొట్లు అక్కడ వరుసగా ఉండినందున ఆ వీధిలో కొంత భాగమును ఇప్పటికిని విస్కీ రో అని పిలుచుచున్నారు. లోపలి గది మన బైబిలు తరగతివలె ఉండెను. పొడుగాటి బల్లలు, ఒక్కొక్కరి యెదుట కాగితము, పెన్సిలు, మంచినీళ్లు, నాలుగు చిన్న గాజు గిన్నెలు. గిన్నెకు మూడు టీ చెంచాలకు మించి లేదు. ఇష్టము లేనివారు పారబోయుటకు ఒక పాత్ర కూడ ఉండెను. బోధించువాడు తల నెరసిన మనిషి, నెమ్మదిగా మాటలాడువాడు. మొదటి పావుగంట ఎవరిని గిన్నె ముట్టనియ్యలేదు.

ఆయన చెప్పినదానిలో మాకు నిలిచినంత వ్రాయుదుము. 1964వ సంవత్సరములో అమెరికా కాంగ్రెసు బూర్బన్ తమ దేశపు ప్రత్యేకమైన సరుకని తీర్మానించెను. దాని ధాన్యములో నూటికి 51 పాళ్లకు తగ్గకుండ మొక్కజొన్న ఉండవలెను. మిగిలినది రై గాని, గోధుమ గాని, మొలకెత్తించిన బార్లీ గాని. వంటశాలనుండి వచ్చునప్పుడు ఆ సారాయి నీళ్లవలె తెల్లగా నుండును. దానిని ఓక్ కర్రతో చేసిన కొత్త పీపాలలో పోయుదురు. మన బైబిలులో సింధూర వృక్షమని చదువుకొనునది ఆ జాతి చెట్టే. పీపా లోపలి భాగమును ముందుగా మంటతో కాల్చుదురు. ఎండకాలమున సారాయి కర్రలోనికి ఇంకును, చలికాలమున తిరిగి వెలుపలికి వచ్చును. ఏండ్ల తరబడి అట్లు జరుగగా ఎర్రని రంగును, వాసనయు వచ్చును. మరి ఏ రంగును కలుపుటకు చట్టము ఒప్పుకొనదు. వెనుకటి కాలమున కల్తీ వ్యాపారులు మితిమీరగా 1897లో ఒక చట్టము చేసి, ప్రభుత్వపు కాపుదల గల గోదాములో నాలుగేండ్లు ఉంచిన సరుకునకు ప్రత్యేకమైన ముద్ర వేయుటకు ఏర్పాటు చేసిరి. మా మూడవ గిన్నెలోనిది అట్టిది.

పీపా ఒకటికి సుమారు 200 లీటర్లు పట్టును. ఏటేట అందులో కొంత కర్రగుండ ఆవిరియై పోవును. దానిని వారు దేవదూతల వంతు అని పిలుచుదురు. అందరు నవ్విరి, మేమును నవ్వితిమి. కాని మాకు మన ఊరి సంగతి జ్ఞాపకము వచ్చెను. మన ఇండ్లలో ఆ వంతు చెల్లించువారు దేవదూతలు కారు. బియ్యపు డబ్బా అడుగున రూపాయలు దాచి, మరునాడు అవి కనబడక ఊరకున్న తల్లి చెల్లించినది. పరీక్ష ఫీజు లేక బడి మానుకొన్న పిల్లవాడు చెల్లించినాడు.

తరువాత ఆయన ఏలీజా క్రెయిగ్ అను ఒకని కథ చెప్పెను. 1789లో కాల్చిన పీపాలో విస్కీ పోసి బూర్బన్‌ను కనిపెట్టినవాడు ఇతడేయని అక్కడ జనులు చెప్పుకొందురు. దానికి రుజువు లేదని చరిత్రకారుల మాట. బోధకుడు కూడ ఆ సంగతి దాచలేదు. అయితే క్రెయిగ్ నిజముగా ఉండినవాడు, సారాయి కాచినవాడు, బాప్టిస్టు ప్రసంగి! వర్జీనియాలో అనుమతిపత్రము లేకుండ ప్రకటించినందుకు చెరసాలలో ఉండెను. కెంటకీకి వచ్చి బడి పెట్టెను. 1808లో చనిపోయెను. ఇప్పుడు ఒక సీసా మీద అతని పేరు ఉన్నది. సువార్త కొరకు చెరసాలకు పోయినవాని పేరు చివరకు ఎక్కడ మిగిలెనో చూచి మాకు గుండె బరువెక్కినది. మా పక్కనున్నవారికి అది వేడుక కథయే.

తరువాత రుచి చూచు క్రమము. గటగట త్రాగకూడదు. ముక్కు గిన్నెలో దూర్చకుండ, నోరు కొంచెము తెరచి వాసన చూడవలెను. ఒక చుక్క నాలుక మీద త్రిప్పి, మ్రింగి, మాటలాడక ఆగవలెను. రెండు చుక్కల నీళ్లు పోసి మరల చూడవలెను. తోచినది కాగితము మీద వ్రాయవలెను. ముప్పదిమంది ఆ విధముగా తలలు వంచి కూర్చుండిరి. సత్యము చెప్పవలెను గదా: మా సంఘములో వాక్యమును అంత ఓపికగా రుచి చూచు ముప్పదిమందిని మేము ఇంకను చూడలేదు. 34వ కీర్తనలో దావీదు ఆ మాట ఏల వాడెనో ఆ విస్కీ గదిలో మాకు తెలిసినది. ఎవరును తూలలేదు, ఎవరును కేకలు వేయలేదు. మేము సిద్ధపరచుకొన్న ప్రసంగము అక్కడనే పాడైపోయెను. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదు గనుక మీకు ఉన్నది ఉన్నట్లు చెప్పుచున్నాము.

అప్పుడు మేము వాసన చూచితిమి. చూడకుండ ఉండవలసినదేమో. అది మేమెరిగిన సారా కంపు కాదు. సంక్రాంతి దినములలో చెరకు పాలు కాగి, పాకము ముదిరి, పెనము దించు వేళ వచ్చు వాసన! చిన్నతనమున మా తాతగారి చేయి పట్టుకొని నిలువబడిన చోటు కన్నులయెదుటకు వచ్చెను. “మామయ్యా, ఒక్క చుక్క. ఇక్కడ మిమ్మల్ని ఎవరు చూస్తారు?” అని మేనల్లుడు మెల్లగా అనెను. అతడు చెడ్డతనముతో అనలేదు. మేము త్రాగలేదు. అయితే త్రాగవలెనని మనస్సు పుట్టలేదని చెప్పినయెడల అది అబద్ధమగును. చేయి గిన్నె దాక పోయినది.

మన సంఘములోని తాపీమేస్త్రీ సహోదరుని మీరందరు ఎరుగుదురు. అతడు మానుకొని తొమ్మిదేండ్లయినది. అతని కొరకే మనము ప్రభువు బల్లకు ఎండు ద్రాక్షలు నానబెట్టి కాచిన రసము వాడుచున్నాము. మేము బయలుదేరిన దినమున బస్సు దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, అక్కడ మీరేం చేసినా మాకు తెలియదు. నేను మాత్రం మిమ్మల్ని చూసి మానుకున్నవాణ్ణి” అని చెప్పి, సంచి ఎక్కించి వెళ్లిపోయెను. పది వేల మైళ్ల దూరములో ఆ మాట మా చేతిని పట్టుకొన్నది. పౌలు రోమా సంఘమునకు వ్రాసినప్పుడు, మాంసము మంచిదా ద్రాక్షారసము చెడ్డదా అని తగవు పెంచలేదు. నీ పక్క నడచువాని కాలు ఎక్కడ తట్టుకొనునో అది చూడుమని అడిగెను. ఆ రాత్రి మాకు గిన్నె చిన్నదా పెద్దదా అనునది ప్రశ్న కాలేదు.

కూటము ముగిసిన తరువాత బోధకుని అడిగితిమి: “ఈ నాలుగు గిన్నెలతో ఆగలేనివారు వచ్చినయెడల ఏమి చేయుదురు?” ఆయన కొంత తడవు ఊరకుండి, అట్టివారికి ఇటువంటి గదులతో పని లేదని చెప్పెను. నిజమే. మా తండ్రులు కాగితము మీద వ్రాసికొనుచు త్రాగలేదు. సారా ప్యాకెట్టు మూల పండ్లతో కొరికి త్రాగిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారును ఆ ఊరి స్త్రీలును సారా కొట్టును మూయించినప్పుడు మేము బడిపిల్లలము. ఆ కబురు విని మా తల్లి చీపురు పట్టుకొని వీధిలోనికి పోవుట చూచితిమి. 1993లో సారాయి, 1995లో సమస్త మద్యము నిషేధమాయెను. 1997లో మద్యనిషేధము సడలించిరి. అమెరికాలోను 1920 నుండి 1933 వరకు నిషేధము ఉండి పోయినది. చట్టములు వచ్చి పోవుచుండును. బస్సు దగ్గర నిలువబడిన ఆ మనిషి అక్కడనే నిలిచియున్నాడు.

మేము తిరిగి వచ్చిన మూడవ దినమున అతడు అరుగు మీద కూర్చుండి అంతయు వినెను. దాచక చెప్పితిమి, చేయి పోయిన సంగతి కూడ. చాల సేపటికి, “వాసన ఎట్లా ఉందయ్యగారూ?” అని అడిగెను. చెప్పవచ్చునో చెప్పరాదో తోచలేదు. ఇప్పటికిని తెలియదు. “కాగిన బెల్లము” అంటిమి.

అతడు నేల చూచుచు, “అవునండి, నాకింకా గుర్తే” అని లేచి, ప్రార్థన వేళయినదని గంట కొట్టుటకు వెళ్లెను.