యజమాని పళ్ళు

నలభై రెండో ఏట నా నోట్లో మిగిలిన పదకొండు పళ్ళూ తీయించుకున్నాను. పుచ్చిపోయి కాదు. పన్ను పన్నులా గట్టిగానే ఉండేది, దాన్ని పట్టుకున్న చిగురే వదిలేసింది. మా ఇంట్లో దీన్ని పయోరియా అనేవారు, పళ్ళ డాక్టరు పీరియాడాంటైటిస్ అన్నాడు. పేరేదైతేనేం, పంటి చుట్టూ ఉన్న ఎముక కొద్దికొద్దిగా కరిగిపోతుంది. పెద్దగా నొప్పి కూడా ఉండదు. ఓ రోజు జామకాయ కొరికితే పన్ను ఊగుతుంది. కొన్ని కుటుంబాల్లో ఇది చిన్న వయసులోనే వస్తుంది. షుగరో పొగాకో తోడైతే తొందరపడుతుంది. నాకు షుగరు ముప్ఫై ఆరో ఏటే పట్టుకుంది. పొగాకు అలవాటు లేదు.

ఈ ఆఖరి మాట ఎందుకు రాశానా అని ఆలోచిస్తున్నాను. ఎవరూ అడగలేదు. పళ్ళు పోయినవాడు ముందుగా తన తప్పేమీ లేదని చెప్పుకోవాలి కాబోలు. "రెండు పూటలా తోముకునేవాణ్ణండీ" అని పక్కింటాయనతో కూడా అన్నాను.

ఏడో తరగతిలో నాకు కళ్ళజోడు వస్తే మా వీధిలో అందరూ బాగా చదివే పిల్లాడన్నారు. మా పెదనాన్న మోకాళ్ళు రెండూ మార్పించుకుని, ఇంటింటికీ వెళ్ళి నడిచి చూపించాడు. ఒంట్లో గాజో లోహమో చేరితే అది నలుగురికీ చెప్పుకునే కబురు. నోట్లో చేరితే మాత్రం గుట్టు. రాత్రి పళ్ళ సెట్టు తీసి నీళ్ళ గిన్నెలో వేసేటప్పుడు నేను లైటు ఆర్పుతాను, ఇంట్లో తెలియనివాళ్ళు లేకపోయినా.

మన భాషలో బోసినవ్వు అని ముద్దైన మాట ఉంది. పసిబిడ్డకి చెల్లుతుంది, ముసలివాళ్ళకి చెల్లుతుంది. గాంధీగారి బోసినవ్వునైతే దేశమంతా గోడకి తగిలించుకుంది. నడివయసువాడికి ఆ మాట ఎవరూ వాడరు. రెండు కొసల్లోనూ ముద్దొచ్చేది మధ్యలో ఎందుకు వెగటవుతుంది? చిగుళ్ళు అవే కదా. పండుకీ పన్నుకీ బహువచనం ఒక్కటే చేసుకున్న భాష మనది. పండి రాలితే ఎవరూ ఏమీ అనరు. పచ్చిగా ఉండగానే రాలితే తోటకేదో తెగులు పట్టిందన్నట్టు చూస్తారు.

ఆ వరసేమీ ఆకాశం నుంచి దిగిరాలేదు. పోయిన శతాబ్దం నడిమి దాకా బ్రిటన్‌లో, ముఖ్యంగా కార్మిక కుటుంబాల్లో, ఇరవై ఒకటో పుట్టినరోజుకో పెళ్ళికో ఉన్న పళ్ళన్నీ పీకించి సెట్టు కట్టించి కానుకగా ఇవ్వడం ఉండేది. రేపు కట్టుకున్నవాడికి పంటి ఖర్చు తగలకూడదని ఆడపిల్లలకి మరీనూ. 1968లో ఇంగ్లండ్, వేల్స్‌లలో లెక్క తీస్తే పెద్దవాళ్ళలో నూటికి 37 మందికి సొంత పన్ను ఒక్కటీ లేదు. అప్పుడు అక్కడ పుట్టి ఉంటే నాది మామూలు నోరే. మరి నా సిగ్గు నా నోట్లో ఉన్నట్టా, నేను పుట్టిన కాలంలోనూ చోటులోనూ ఉన్నట్టా?

పళ్ళు తీశాక గాయాలు మానడానికి రెండున్నర నెలలు ఆగాలన్నాడు డాక్టరు. ఎముకలో మరలు బిగించి పళ్ళు నిలబెట్టే పద్ధతి ఒకటుంది గానీ, అది నా ఎముకకీ నా జీతానికీ కూడా అందలేదు. సెట్టే గతి. దానితో నమిలే బలం అసలు పళ్ళ బలంలో పావు వంతుకి అటూ ఇటూ. పైగా పన్ను లేని ఎముక తన పని అయిపోయిందనుకుని అరిగిపోతూనే ఉంటుంది. సెట్టు కట్టించుకున్నవాళ్ళని పాతికేళ్ళ పాటు గమనించి టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 1972లో చెప్పిందేమంటే, కింది దవడ ముందుభాగం పైదానికంటే దాదాపు నాలుగు రెట్లు అరుగుతుందని. డెబ్భై ఏళ్ళవాడికి అది పెద్ద దిగులు కాకపోవచ్చు. నాకు లెక్క వేరు. ఇవాళ అచ్చు తీసిన నోరు పదేళ్ళకి నాది కాకుండా పోతుంది, సెట్టు మళ్ళీ సరిచేయించుకోవాలి. నా నోరు అని నేననేది ఏ సంవత్సరపు నోటిని?

కొత్త సెట్టుతో బడికి వెళ్ళిన మొదటి రోజే, నా ఖర్మ, ఎనిమిదో తరగతిలో వర్ణోత్పత్తి స్థానాల పాఠం. నేను తెలుగు మాస్టారిని. త థ ద ధ న దంత్యాలు, నాలిక కొస పైపళ్ళని తాకితే పుడతాయి అని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. తాకడానికి పళ్ళు లేని రెండున్నర నెలల్లో తెలిసిందేమిటంటే, త, ద బాగానే వస్తాయి, నాలిక చిగురుతో సర్దుకుంటుంది. పలకనివి 'స', 'వ'. మన సొంతమైన దంత్య చకారం, చలి, చాప, చల్ల అన్నప్పుడు పలికేది, అదీ జారిపోయేది. సెట్టు వచ్చాక 'స' వచ్చింది గానీ వెంట ఓ ఈల తెచ్చుకుంది. "సరళాలు" అన్నాను. నలభై మంది పళ్ళు బయటపెట్టి నవ్వారు.

నాకు వీరభద్రుడు గుర్తొచ్చాడు.

మా రామచంద్రపురం వాళ్ళకి దక్షయజ్ఞం ఎక్కడో జరిగిన కథ కాదు. పక్కనే ద్రాక్షారామం. దక్షుడు యజ్ఞం చేసిన చోటు గనక దక్షారామం అయిందని స్థలపురాణం. భాగవతం నాలుగో స్కంధంలో, దక్షుడు శివుణ్ణి నిందిస్తుంటే పూషుడు పళ్ళు కనబడేలా నవ్వాడు. తర్వాత వీరభద్రుడి దండు వచ్చి ఆ పళ్ళు రాలగొట్టింది. భగుడి కళ్ళు పోయాయి, భృగువు మీసాలు ఊడాయి, దక్షుడి తలే పోయింది. పదో స్కంధంలోనూ, జూదంలో పళ్ళికిలించి నవ్వినందుకు కళింగరాజుకి బలరాముడి చేతిలో ఇదే గతి. (కళింగుల పాత రాజధాని దంతపురం మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉందంటారు. పేరు వచ్చింది బుద్ధుడి దంతధాతువు వల్లట. ఈ రాజుగారి పళ్ళు కూడా అక్కడే వెతకాలేమో.)

కథంతా చిన్నప్పుడు విన్నదే. పళ్ళు పోయాక చదివితే దెబ్బల కంటే ఆ తర్వాతి ఘట్టం పట్టుకుంది. శివుడు శాంతించాక అందరినీ బాగుచేస్తాడు. ఎలా? దక్షుడికి మేక తల. భృగువుకి మేక గడ్డం. భగుడు ఇకపై మిత్రుడి కళ్ళతో చూడాలి. పూషుడు యజమాని పళ్ళతో నమలాలి, ఒంటరిగా తినేటప్పుడు మాత్రం పిండే గతి. చేతులు తెగినవాళ్ళు అశ్వినుల బాహువులతో, పూషుడి హస్తాలతో పని చేసుకోవాలి. పళ్ళు పోయినవాడు ఇంకొకరికి చేతులు అరువిస్తున్నాడన్న మాట! ఇంతకీ వీళ్ళలో ఎవరికీ వాళ్ళ అసలు అవయవం తిరిగి రాలేదు. తల్చుకుంటే శివుడు ఊడిన పళ్ళనే మళ్ళీ మొలిపించలేడా? ఎందుకు మొలిపించలేదు? శిక్షలో మిగులు బాకీ అనుకోవచ్చు. లేక దేవతలకైనా ఒకరి అవయవం ఇంకొకరికి సాయంగా ఉండడమే బాగుపడడమని ఆ కథ కట్టినవాడి ఊహా? తేల్చుకోలేకపోతున్నాను. పూషుడు ఋగ్వేదంలోనే పిండితో చేసిన కరంభం తినే దేవుడని మాత్రం చెబుతారు. ఆ తిండి అలవాటు ముందు పుట్టి, దానికి కారణంగా పళ్ళు ఊడిన కథ తర్వాత పుట్టిందేమో.

యజమాని అంటే ఇక్కడ యజ్ఞం చేసేవాడు, ఇంటి దొరా ఆస్తిపరుడూ కాదు. కానీ ఆ మాటకి మనం రెండో అర్థం అలవాటు చేసుకున్నాం. ఆ రెండో అర్థంతో చదివితే కథ తిరగబడుతుంది, అలా తిరగబడినది చరిత్రలో ఉంది.

జార్జి వాషింగ్టన్ ఇరవై నాలుగో ఏటే ఓ పన్ను తీయించుకుని డాక్టరుకి ఐదు షిల్లింగులిచ్చాడు. 1789లో అమెరికా మొదటి అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి, యాభై ఏడేళ్ళకి, నోట్లో మిగిలింది ఒకే ఒక్క పన్ను. ఆయనవి చెక్క పళ్ళని పిల్లల పుస్తకాల్లో ఉండేది. అది కట్టుకథ. నీటిగుర్రం దంతం, పశువుల పళ్ళు, మనుషుల పళ్ళు, సీసం, స్ప్రింగులు కలిపి కట్టిన సెట్లు అవి. ఆయన ఖాతా పుస్తకంలో 1784 మే నెల కింద ఒక పద్దు ఉంది. పంటి వైద్యుడి లెక్కలో, తొమ్మిది పళ్ళకి నల్లవాళ్ళకి ఆరు పౌన్ల రెండు షిల్లింగులు. ఆ నల్లవాళ్ళు ఆయన మౌంట్ వెర్నన్ ఎస్టేటులోని బానిసలే అయి ఉంటారని చరిత్రకారులు అంటారు. ఆ తొమ్మిది పళ్ళూ ఆయన నోట్లోకే వెళ్ళాయనడానికి రుజువు లేదు. కొన్నది మాత్రం నిజం. డబ్బిచ్చాడు కదా అంటారేమో. మనిషే తన ఆస్తి అయినప్పుడు, అతని పన్ను కొనడం ఎలాంటి బేరం? వద్దనగలిగినవాడికే కదా అమ్మే హక్కు.

పురాణంలో దేవుడు యజమాని పళ్ళతో నమిలాడు. అమెరికాలో యజమాని బానిసల పళ్ళతో నమలబోయాడేమో. 1815లో వాటర్లూ యుద్ధభూమిలో చచ్చిపడిన కుర్ర సిపాయిల నోళ్ళలోంచి పళ్ళు పీకి సెట్లు కట్టే వాళ్ళకి అమ్మారు. ఇరవై ఏళ్ళవాడి పళ్ళు కాబట్టి గట్టివి, మంచి గిరాకీ. నా సెట్టు అక్రిలిక్. 1930లలో వచ్చిన ప్లాస్టిక్. అది ఎవరి నోట్లోంచీ రాలేదు. నా పళ్ళు ఎవరివీ కావనుకుంటే మొదట బెంగ కలిగింది, ఈ పద్దు చదివాక ఊపిరి పీల్చుకున్నాను. ఎవరివీ కాని పళ్ళు దొరకడం ఎంత పెద్ద వెసులుబాటో నాకంతకుముందు తోచలేదు.

అయితే ఎవరివీ కాని పళ్ళకి రూపం ఎవరిదై ఉండాలి? మైనం మీద పళ్ళు అమర్చి డాక్టరు ట్రయల్ వేశాడు. కుర్రాడు, నా శిష్యుడి ఈడువాడు. రంగుల పట్టీ నా పెదవి దగ్గర పెట్టి, "మరీ తెలుపు వద్దు మాస్టారూ, పెట్టుడు పళ్ళని తెలిసిపోతుంది" అన్నాడు. అబద్ధాన్ని నిజంలా కనబడేంత పచ్చగా చేయాలన్న మాట. అద్దంలో చూసుకున్నాను. వరస తిన్నగా, ముత్యాల్లా ఉంది. మా ఆవిడకి నచ్చింది. నాకు ఎవరినో చూసినట్టుంది.

నా పైపళ్ళ మధ్య సందు ఉండేది. అమ్మకీ ఉండేది, అక్కకీ ఉంది. అదృష్టం అనేవారు. అమ్మకి నలభై ఐదు దాటకుండానే పళ్ళు ఊగడం మొదలైంది. సందూ, చిగుళ్ళ జబ్బూ, రెండూ ఆవిడ దగ్గర నుంచే వచ్చాయి నాకు. ఒకదాన్ని జబ్బనీ ఇంకోదాన్ని జ్ఞాపకమనీ విడదీసి, ఇది ఉంచుకుంటాను, అది వద్దు అనడానికి వారసుడికి ఏం హక్కుంది? ప్లాస్టిక్కులో అమ్మ ఉంటుందా? ఇవన్నీ అడగడానికి అది చోటు కాదు, బయట ఆరుగురు కూర్చుని ఉన్నారు. "మధ్యలో కొంచెం సందు పెట్టించగలరా?" అన్నాను. అతను ఆశ్చర్యపోయి, సెట్టులో సందు పెట్టమన్నవాళ్ళు తక్కువన్నాడు. నా పెళ్ళి ఫొటో ఒకటి ల్యాబుకి పంపించాడు. నన్నెప్పుడూ చూడని టెక్నీషియన్ ఎవరో ఆ ఫొటో ముందు పెట్టుకుని, మైనంలో రెండు పళ్ళని పక్కకి జరిపాడు.

సంక్రాంతికి అక్క వచ్చింది. వెలుతురులోకి రమ్మని, గడ్డం పట్టుకుని పైకెత్తి చాలాసేపు చూసింది.

"సందు కాస్త ఎడమకి పోయిందిరా తమ్ముడూ," అంది.