సంతానం అల్లాహ్ కానుక



మన ఇళ్లలో నికాహ్ జరిగి మూడు నెలలు తిరగకముందే కొత్త కోడలికి ఒక ప్రశ్న ఎదురవుతుంది: "ఖుష్ ఖబర్ ఏమైనా ఉందా?" ఆరు నెలలకు ఆ ప్రశ్న గుసగుస అవుతుంది. ఏడాది దాటితే ఎత్తిపొడుపు అవుతుంది. మరోవైపు చదువుకున్న మన ఆడపిల్లల్లో కొందరు, "పిల్లలంటే ఖర్చు, ఉద్యోగానికి ఆటంకం" అంటూ మాతృత్వం పేరెత్తితేనే బెదిరిపోతున్నారు. ఒకరికి పిల్లలు పుట్టరేమోనన్న భయం. మరొకరికి పుడతారేమోనన్న భయం.

ఈ రెండు భయాలకూ దివ్యఖుర్ఆన్‌లోని అష్షూరా సూరా 49, 50 ఆయతుల్లో సమాధానం ఉంది. అల్లాహ్ తాను కోరినవారికి ఆడపిల్లల్ని ఇస్తాడు, కోరినవారికి మగపిల్లల్ని ఇస్తాడు, కొందరికి ఇద్దరినీ ఇస్తాడు, కోరినవారిని సంతానం లేనివారిగా ఉంచుతాడని వాటి భావం. ఆడపిల్లల ప్రస్తావనే ముందు వచ్చిందని గమనించండి. సంతానలేమి కూడా ఆ దైవనిర్ణయాల వరుసలోనే ఉంది. దాన్ని శాపమని అనే హక్కు మనకెక్కడిది?

ముందుగా, పిల్లలంటే భయపడే చెల్లెళ్లతో ఒక మాట. పేదరికానికి భయపడి సంతానాన్ని చంపవద్దనీ, వారికీ మీకూ ఉపాధినిచ్చేది తానేననీ అల్లాహ్ బనీ ఇస్రాయీల్ సూరాలో హెచ్చరించాడు. బిడ్డ తన ఉపాధిని తాను తెచ్చుకుంటుంది. అయితే కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం కోరుకోవడం వేరు, బిడ్డనే భారమనుకోవడం వేరు. ఖుర్ఆన్ అవతరిస్తున్న రోజుల్లో సహాబాలు గర్భం రాకుండా జాగ్రత్తపడేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. పాలు మాన్పించే విషయంలో సైతం తల్లిదండ్రులు సంప్రదించుకోవాలని అల్ బఖరా సూరా బోధిస్తోంది. కాబట్టి ఇది భార్యాభర్తలు కలిసి మాట్లాడుకుని తేల్చుకోవలసిన విషయం. ఒక్కటి మాత్రం మరవకండి. 35 ఏళ్లు దాటాక గర్భం దాల్చే అవకాశం వేగంగా తగ్గుతుంది. 'తర్వాత చూద్దాం' అనేటప్పుడు ఈ సంగతి తెలిసే అనండి.

ఇక బిడ్డ కోసం కన్నీళ్లతో ఎదురుచూసే చెల్లెళ్లారా! విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి)కు సంతానం కలగలేదు. దైవప్రవక్త (సల్లం) ఆమెను ఏనాడూ తక్కువ చేయలేదు. ఆమె అక్క కొడుకు అబ్దుల్లాహ్ పేరు మీద 'ఉమ్మె అబ్దుల్లాహ్' అని పిలుచుకోమన్నారు. ఆమె ద్వారా మనకు 2210 హదీసులు అందాయి. ఒక్క బిడ్డనూ కనని ఆమె ముస్లిం సమాజం మొత్తానికీ తల్లి!

అత్తలూ, భర్తలూ కూడా వినాలి. హజ్రత్ జకరియ్యా (అలై) సంతానం కోసం దుఆ చేసినప్పుడు ముందు తన ఎముకల బలహీనతనూ, తన నెరసిన తలనూ చెప్పుకున్నారు. ఆ తర్వాతే భార్య గొడ్రాలని విన్నవించుకున్నారు. మన ఇళ్లలో ఏం జరుగుతోంది? కోడలిని తాయెత్తుల కోసం బాబాల చుట్టూ తిప్పుతారు, కొడుక్కి మరో పెళ్లి చేస్తామని బెదిరిస్తారు. కొడుకును మాత్రం ఒక్క పరీక్షకూ పంపరు. లోపం మగవారిలోనూ ఉంటుంది. వీర్యపరీక్ష తేలికైనది. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. వైద్యం చేయించుకోమన్నది ప్రవక్త (సల్లం) బోధనే. భార్యాభర్తల అండం, వీర్యంతోనే జరిగే కృత్రిమ గర్భధారణను అవసరమైనప్పుడు, తగిన జాగ్రత్తలతో చేయించుకోవచ్చని 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ తీర్మానించింది. మూడో వ్యక్తి ప్రమేయాన్ని నిషేధించింది.

ఈసారి కొత్త కోడలు కనిపించినప్పుడు ఆ ప్రశ్న అడగకండి. ఆమె కోసం మౌనంగా దుఆ చేయండి.

అల్లాహ్ సంతానం ఉన్నవారికి కృతజ్ఞతనూ, ఎదురుచూసేవారికి సహనాన్నీ, మనందరి నాలుకలకు అదుపునూ ప్రసాదించుగాక! ఆమీన్.