నేల బాకీ

పంట పట్నానికి తరలిన ప్రతిసారీ నేలలోని నత్రజని, భాస్వరం, పొటాష్ కూడా గింజతో పాటు వెళ్లిపోతాయి. తిన్నవాళ్ల మలమూత్రాలు, పశువుల పెంట తిరిగి పొలానికి చేరినంతకాలం ఈ లెక్క సరిపోయేది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో అది తప్పింది. పల్లె కూలీలు మిల్లుల పట్నాలకు చేరారు, లండన్ మురుగంతా థేమ్స్ నదిలో కలిసింది. 1858 వేసవిలో ఆ కంపు భరించలేక పార్లమెంటు కిటికీలకు బ్లీచింగ్ పౌడరు నీళ్లలో తడిపిన తెరలు కట్టారు.

అదే రోజుల్లో ఇంగ్లండు ఓడలు పెరూ తీరంలోని చించా దీవుల నుంచి గ్వానో, అంటే పక్షిరెట్ట ఎరువు, మోసుకొచ్చేవి. ఇంటి ఎరువును ఏట్లో పోసి, పరాయి ఎరువును సముద్రాలు దాటించి కొనుక్కోవడాన్ని ఆనాటి వ్యాపారం లాభంగానే లెక్కేసింది. వాన ఎరగని ఆ దీవుల్లో యుగాల రెట్ట గుట్టలుగా పేరుకుపోయి ఉండేది. దాన్ని గునపాలతో తవ్వినవాళ్లలో ఎక్కువమంది చైనా నుంచి ఒప్పందం మీద తెచ్చిన కూలీలు. తవ్వేకొద్దీ లేచే అమ్మోనియా ఘాటుకు కళ్లు, గొంతు మండిపోయేవి. 1870లలో ఆ గుట్టలు దాదాపు అడుగంటాయి.

జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1840లోనే మొక్కకు నేల నుంచి అందే ఖనిజాల సంగతి వివరించాడు. తర్వాత కొన్నేళ్లకు, తీసుకున్నది తిరిగివ్వని సాగును దోపిడీ అన్నాడు. ఆయన్ని శ్రద్ధగా చదివిన కార్ల్ మార్క్స్ 1867లో ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో, పెట్టుబడిదారీ సాగు కూలీతో పాటు నేలనూ దోచుకుంటుందని వాదించాడు. ప్రకృతి రక్షణను సోషలిజంతో కలిపి చూసే నేటి ఎకోసోషలిస్టులు, ముఖ్యంగా వాళ్లలో సిద్ధాంతకర్త జాన్ బెల్లమీ ఫాస్టర్, తమ ఆలోచనకు పునాది ఇక్కడే వెతుక్కున్నారు.

1909లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారుచేసి చూపాడు. 1913లో జర్మనీలోని ఒప్పావులో ఆ పద్ధతితో అమ్మోనియా చేసే కర్మాగారం మొదలైంది. ఆ అమ్మోనియాతో చేసిన ఎరువు తర్వాతి కాలంలో కోట్లమంది కడుపు నింపింది, దాన్ని తేలిక చేయకూడదు. అయితే పట్నానికీ పొలానికీ మధ్య తెగిన చక్రం తెగినట్టే ఉంది. మురుగు ఇప్పటికీ ఎక్కువగా నీళ్లలోకే పోతుంది. ఎరువుకు సహజవాయువో బొగ్గో కావాలి. పైరు పీల్చగా మిగిలింది చెరువుల్లో నాచు పెంచుతుంది. శాస్త్రం తనను అడిగినదానికి జవాబిచ్చింది, ఏం అడగాలో తేల్చింది మాత్రం పెట్టుబడి, దాని వెనకే యుద్ధం. ఆ అమ్మోనియాతోనే మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ పేలుడు పదార్థాలు చేసుకుంది.

దోషమంతా మార్కెట్‌దే అని సరిపెట్టుకోవడానికి మధ్య ఆసియాలోని అరల్ సముద్రం ఒప్పుకోదు. సోవియట్ ప్రభుత్వం పత్తి కోసం ఆ సముద్రాన్ని నింపే అము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని కాలువలకు మళ్లించింది. 1960 నుంచి సముద్రం వెనక్కి పోసాగింది. రేవుపట్నం మొయ్‌నాక్‌లో చేపల పడవలు ఇసుకలో తుప్పుపట్టాయి, ఎండిన అడుగు నుంచి ఉప్పు, పురుగుమందుల దుమ్ము ఊళ్ల మీద పడింది. అక్కడ ప్రైవేటు యజమాని లేడు. పత్తి కోటా ఉంది, దాన్ని ప్రశ్నించే అధికారం మాత్రం చేపలు పట్టేవాడికీ లేదు, పత్తి ఏరే మనిషికీ లేదు. ఈ అనుభవానికి జవాబు చెప్పని ఎకోసోషలిజం సగం వాదమే.