బ్రామ్స్ దగ్గర తొందర పనికిరాదు

అమ్మలూ,

చదువుకోసం హాంబుర్గ్ చేరి, ఆ ఊళ్లోనే పుట్టిన యోహానెస్ బ్రామ్స్ మొదటి సింఫనీని లైస్‌హాల్‌లో కూర్చుని విన్నావని చదివి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. షోపాన్ విన్న రాత్రి నిద్రపట్టలేదని రాసినదానివి, బ్రామ్స్‌ను మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశావు: "అంతా బరువు మామయ్యా, పాట ఎక్కడుందో దొరకలేదు. ఈయన నాకు సరిపడడు." బరువన్నది నిజం. పాట వెంటనే దొరకదన్నదీ నిజమే. చివరి మాట మాత్రం ఇప్పుడే అనకు తల్లీ. అది చెప్పడానికే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

కొందరి సంగీతం మొదటిరోజే మనసులోకి వచ్చేస్తుంది. నా ఇరవైల్లో షూబర్ట్, షోపాన్ అలాగే వచ్చారు. బ్రామ్స్ నలభై దాటాక గానీ నాకు దగ్గర కాలేదు. ఈలోగా ఆయన రికార్డులు అలమారులో ఉండేవి, అప్పుడప్పుడూ తీసి వినేవాణ్ణి. విన్న ప్రతిసారీ అంతకుముందు చెవిన పడని స్వరం ఒకటి కొత్తగా వినిపించేది. అలా కొంచెం కొంచెంగా పోగుపడి ఆ సంగీతం నాదైపోయింది. ఇప్పుడు ఏ కాస్త తీరిక దొరికినా చెయ్యి ముందు ఆయన రికార్డు మీదికే వెళ్తుంది. నిన్ను నలభై ఏళ్లు వచ్చేదాకా ఆగమనను. దారి తెలిస్తే నువ్వు ఇంకా ముందే చేరతావు.

ముందు ఆ మనిషి ఎలాంటివాడో తెలుసుకో. 1833లో పుట్టాడు. తండ్రి డబుల్ బాస్ వాయించి ఇల్లు గడిపేవాడు. ఇరవయ్యేళ్ల వయసులో, 1853లో, డ్యుసెల్‌డోర్ఫ్‌లో స్వరకర్త రాబర్ట్ షూమన్ ఇంటి తలుపు తట్టాడు. కొన్ని వారాలకే షూమన్, తాము ఎదురుచూస్తున్నవాడు ఇతనేనన్నట్టుగా పత్రికలో వ్యాసం రాశాడు. లోకానికి అప్పటికింకా పేరైనా తెలియని కుర్రాడికి అంత పొగడ్త వరమూ అయింది, మోయలేని భారమూ అయింది. పైగా సింఫనీ అంటే బీథోవెన్‌తో పోల్చి చూసే కాలం అది. నువ్వు విన్న సింఫనీ తొలి భాగం చిత్తుప్రతిని 1862లోనే షూమన్ భార్య క్లారాకు చూపించాడు. మొత్తం రచన కార్ల్స్‌రూహెలో జనం చెవిన పడింది 1876 నవంబరులో. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు. తృప్తినివ్వని రచనలు ఎన్నింటినో తన చేత్తోనే నాశనం చేసుకున్నాడు. ఇంత ఆచితూచి రాసినవాణ్ణి ఒక్క సాయంత్రంలో తేల్చేయడం న్యాయం కాదమ్మా.

ఆయన కాలంలో ఆయన పక్కనున్నవాళ్లకే ఈ సంగీతం ఒక పట్టాన కొరుకుడు పడలేదు. 1859 జనవరిలో లైప్జిగ్‌లో తన మొదటి పియానో కన్చెర్టోను తానే వాయిస్తే, చప్పట్లు కొట్టబోయిన ఒకరిద్దరిని కూడా మిగతావాళ్లు బుసకొట్టి ఆపేశారు. అప్పుడాయన వయసు ఇంచుమించు నీ వయసే, పాతికేళ్లు. 1885లో నాలుగో సింఫనీని ముందుగా కొందరు స్నేహితులకు రెండు పియానోల మీద వినిపించాడు. పేజీలు తిప్పుతున్న హాన్స్‌లిక్, జీవితమంతా బ్రామ్స్ పక్షాన నిలబడిన విమర్శకుడు, మొదటి భాగం అయ్యేసరికి ఇద్దరు మహా తెలివైనవాళ్లు కలిసి తనను చితకబాదినట్టుందన్నాడు. అదే సింఫనీని 1897 మార్చి 7న వియన్నాలో వాయించినప్పుడు ప్రతి భాగం తర్వాతా హాలంతా చప్పట్లతో మారుమోగింది. జబ్బుతో చిక్కిపోయిన బ్రామ్స్ లేచి నిలబడి వాటిని అందుకున్నాడు. మరో నెల తిరక్కుండానే, ఏప్రిల్ 3న కన్నుమూశాడు.

నువ్వున్న ఊరి సంగతే చూడు. 1860ల తొలినాళ్లలో అక్కడి ఫిల్హార్మోనిక్ పదవి తనకొస్తుందని ఆశపడితే వేరొకరికి ఇచ్చారు. బ్రామ్స్ వియన్నాలో స్థిరపడిపోయాడు. 1889లో అదే హాంబుర్గ్ పిలిచి గౌరవ పౌరసత్వం ఇచ్చింది. నువ్వు కచేరీ విన్న లైస్‌హాల్ ముందున్న కూడలికి నేడు ఆయన పేరే. సొంత ఊరికే అంత కాలం పట్టింది, నీకు కొన్ని నెలలు పడితే తప్పేముంది?

వినగా వినగా అందరికీ నచ్చి తీరుతుందని కూడా అనను. బెర్నార్డ్ షా యువకుడిగా పత్రికల్లో సంగీత విమర్శలు రాసే రోజుల్లో బ్రామ్స్ 'జర్మన్ రెక్వియమ్'ను దారుణంగా ఎద్దేవా చేశాడు. ముసలితనంలో ఆ రాతలు తొందరపాటువని ఒప్పుకున్నాడు. చైకోవ్‌స్కీ మాత్రం 1888లో లైప్జిగ్‌లో కలిసి కూర్చున్నప్పుడు బ్రామ్స్ మనిషిగా నచ్చాడన్నాడే గానీ, ఆయన సంగీతం ఏనాడూ తనకు రుచించలేదు. నీకు ఏది జరిగినా నాకు సమ్మతమే. బాగా వినకముందే చైకోవ్‌స్కీ పక్షాన చేరిపోతావేమోనన్నదే నా దిగులు.

ఇక పాట దొరకలేదన్న మాటకు వస్తాను. చిన్నప్పటి నుంచీ నువ్వు నేర్చుకున్నది మన కర్ణాటక సంగీతం. అందులో శ్రుతి మీద గానం ఒక్కటే ధారగా సాగుతుంది, చెవికి ఎటు పోవాలో తెలుసు. షోపాన్‌లోనూ ఎక్కువసార్లు గానం పైస్థాయిలో, కుడిచేతి కింద స్పష్టంగా ఉంటుంది. బ్రామ్స్ దాన్ని మధ్యలోకి దించేస్తాడు. వయోలాలు, చెల్లోలు, హార్న్‌లు, పియానో అయితే బొటనవేలు, వీటికి అప్పజెప్పి పైన వేరే స్వరాల్ని కప్పుతాడు. పైన వెతికితే బరువే తగులుతుంది. మంద్రస్థాయి బాస్‌ను పట్టుకుని వింటే ఆ కట్టడం మొత్తం తెలిసొస్తుంది. శిష్యుడు గుస్టావ్ జెన్నర్ పాటలు దిద్దేటప్పుడు బ్రామ్స్ పియానో పైవరసను చేత్తో మూసేసి, గానాన్నీ బాస్‌నూ చూపించి, తను చదివేది ఇవే అన్నాడట. నువ్వూ అలాగే మొదలుపెట్టు.

నీకు అక్కరకొచ్చేది ఇంకొకటుంది, అది నీ తాళజ్ఞానం. ఆరు మాత్రల్ని ఒకసారి రెండు మూళ్లుగా, మరోసారి మూడు రెళ్లుగా విడగొట్టి, చాలాసార్లు రెంటినీ ఒకేసారి నడిపించడం బ్రామ్స్‌కు ప్రాణం. అక్కడివాళ్లకు కాలు తడబడే చోట నీకు తిశ్రం, చతురశ్రం వేసిన చెయ్యి ఉంది. మోకాలి మీద మెల్లగా తాళం వేస్తూ విను, ఆ గజిబిజి విడిపోతుంది.

మొదటి సింఫనీతో మొదలుపెట్టడం నీ తప్పేమీ కాదు, ఆరోజు వాళ్లు వాయించింది అది. ఇంట్లో మాత్రం చిన్నవాటితో మొదలుపెట్టు. మొట్టమొదట ఓపస్ 117లోని మొదటి ఇంటర్మెట్సో. 1892లో రాసిన పియానో రచన, అయిదారు నిమిషాలకు మించదు. ఒక స్కాటిష్ జోలపాట తాలూకు మాటల్ని దాని నెత్తిన రాసుకున్నాడు. పైనా కిందా ఒకే స్వరం కాపలా కాస్తుంటే నడుమ జోలపాట సాగుతుంది. నడిమి గొంతును పట్టుకోవడం నీ చెవికి ఇక్కడ అలవాటవుతుంది. మధ్యలో కాసేపు చీకటి కమ్ముతుంది, ఆ తర్వాత తిరిగొచ్చిన జోల మునుపటిలా వినిపించదు. పిల్లాణ్ణి నిద్రపుచ్చే తల్లికి తన దుఃఖం తనకుందని అప్పుడు తెలుస్తుంది.

రెండోది మూడో సింఫనీలోని మూడో భాగం. దాదాపు ఆరు నిమిషాలు. గానాన్ని చెల్లోలు ఎత్తుకుంటాయి, వయొలిన్లు అందుకుంటాయి. చివర్లో అదే పాట తిరిగొచ్చినప్పుడు దాన్ని ఒక్క హార్న్ మోస్తుంది. స్వరాలు అవే, గొంతు మారింది, అర్థం మారింది. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో గమనించడమే ఆ వారానికి నీ పని.

తర్వాత క్లారినెట్ క్వింటెట్ విను. 1890లో బ్రామ్స్ ఇక రాయడం చాలనుకున్నాడు. మరుసటి ఏడాది మైనింగెన్ ఆస్థాన వాద్యబృందంలో రిఖార్డ్ మ్యూల్‌ఫెల్ట్ క్లారినెట్ విని మళ్లీ కలం పట్టాడు. ఆ వేసవిలో పుట్టిందే ఇది. ఆఖరి భాగం ముగింపులో మొట్టమొదటి భాగపు స్వరాలు మళ్లీ వస్తాయి. మొదలు చెవిలో నిలిచి ఉంటేనే ఆ రాక నిన్ను తాకుతుంది, అందుకే దీన్ని ఏకబిగిన వినాలి. ఆ పైన నాలుగో సింఫనీ ఆఖరి భాగం. ఎనిమిది స్వరాల వరస ఒక్కటి, దాని మీద ముప్పై రూపాంతరాలు. పల్లవి మీద సంగతులు వేసుకుంటూ పోవడం ఎరిగినదానివి, ఆ పట్టుదలను నువ్వు ఇట్టే పోల్చుకుంటావు. అప్పుడు మొదటి సింఫనీకి తిరిగి వెళ్లు. మొదట్లోనే నిన్ను అదరగొట్టిన డ్రమ్ముల మోత మూలాన ఆఖరి భాగంలోని హార్న్ పిలుపుకు అంత వెలుగొచ్చిందని నీకే తెలుస్తుంది. అది ఆల్ప్స్ కొండల్లో విన్న బాణీ. 1868లో క్లారా పుట్టినరోజుకు శుభాకాంక్షగా రాసి పంపాడు, ఎనిమిదేళ్ల తర్వాత సింఫనీలో దానికి చోటిచ్చాడు.

ఎలా వినాలో కూడా చెబుతాను. పని చేసుకుంటూ వెనకాల పెట్టుకోవద్దు, ఈయన సంగీతం అలా వింటే ఉత్త చప్పుడవుతుంది. ఒక్క భాగాన్నే ఎంచుకుని వారం రోజులు రోజుకొకసారి విను. మొదట ఒకే రికార్డింగు పట్టుకో, బాగా అలవాటయ్యాక వేరొకరి వాయింపుకు మారు. విసుగొస్తే ఆపేసి బయట నడిచిరా, బలవంతం పెట్టుకోకు. దుఃఖం కలిగిన రోజున మాత్రం ఆయన్ని దూరం పెట్టకు. అలాంటి రోజుల్లో బ్రామ్స్ ఓదార్పు మాటలు చెప్పడు, పక్కన కూర్చుంటాడు.

ఇది నాకు మీ అమ్మమ్మ పోయిన ఏడాది బాగా తెలిసింది. ఆ రోజుల్లో నేను విన్నది 'జర్మన్ రెక్వియమ్'. బ్రామ్స్ తల్లి 1865లో పోయింది. ఆ తర్వాతి ఏళ్లలో, చర్చి వాడుకలో ఉన్న లాటిన్ పాఠం జోలికి పోకుండా, లూథర్ అనువదించిన జర్మన్ బైబిల్ నుంచి వాక్యాలు తానే ఏరుకుని ఈ రచన కూర్చాడు. పోయినవాళ్ల కోసం మొరపెట్టడం కన్నా మిగిలినవాళ్లను ఓదార్చడం మీదే ఇది నిలబడింది. మొదటి భాగంలో వయొలిన్లు అసలు వాయించవు, వయోలాల, చెల్లోల ముదురు స్వరం మీద బృందగానం మెల్లగా లేస్తుంది. 1868 గుడ్‌ఫ్రైడే నాడు బ్రెమెన్‌లో వినిపించాక, తల్లి ఓదార్పును తలచే అయిదో భాగాన్ని విడిగా రాసి చేర్చాడు. మనం ఆ మతంవాళ్లం కాకపోయినా అమ్మను పోగొట్టుకున్నవాడికి అది పరాయిదిగా వినిపించదు. నాకు వినిపించలేదు.

నీకు జర్మన్ వస్తోంది కాబట్టి ఆ మాటలు నీకు నేరుగా అందుతాయి, నాకా భాగ్యం లేదు. అక్కడి చర్చిల్లో నవంబరు వచ్చిందంటే పోయినవాళ్లను తలచుకుంటూ ఈ రచనను పాడుతుంటారు. ఎక్కడ పాడుతున్నారో కనుక్కుని ఇప్పుడే టికెట్టు కొని పెట్టుకో. ఈలోగా పైన చెప్పిన వరసలో వింటూ ఉండు. ప్రతిదాని గురించీ నాకు రాయాలని లేదు, నవంబరు కచేరీ అయ్యాక ఒక్క ఉత్తరం చాలు. నచ్చకపోతే నచ్చలేదనే రాయి. ఆ మాట అప్పుడు నీ నోట వచ్చినా, బాగా విన్న మనిషి మాటగా దాన్ని నేను గౌరవిస్తాను.

వేళకు తిను, చలికి ఒళ్లు కాపాడుకో.

ఆశీస్సులతో,
మీ మామయ్య